ఇంటికి వెళ్ళమంటే, ఏ ఇంటికి?



“దయ్యాల పుస్తకం విశ్వాసి చదవొచ్చా అయ్యగారూ?” అని యౌవనస్థులు అడుగుతుంటారు. అన్ని పుస్తకాలకూ ఒకే జవాబు చెప్పలేను. ఒక్క పుస్తకం గురించి మాత్రం చదవమనే చెబుతాను. అది అమెరికా రచయిత్రి షిర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’. చిన్నపిల్లలకు కాదు, రాత్రుళ్ళు భయపడేవారికి కాదు. సంఘ పెద్దలకు, పాస్టర్లకు.

కథ చిన్నదే. హిల్ హౌస్ అనేది ఎనభై ఏళ్ళ నాటి పాడుపేరు మోసిన భవనం. అక్కడ దయ్యాలున్నాయో లేవో పరిశోధించాలని డాక్టర్ మాంటేగ్ అనే ఆయన ఆ ఇల్లు అద్దెకు తీసుకుని, కొందరిని తోడు పిలుస్తాడు. వచ్చినవారిలో ఎలినార్ ఒకరు. వయసు 32. మంచాన పడ్డ తల్లికి పదకొండేళ్ళు సేవ చేసింది. తల్లి పోయాక అక్క ఇంట్లో, పసిపిల్ల గదిలో, ఒక మడత మంచం మీద పడుకుంటోంది. స్నేహితులు లేరు. అక్కతో కలిసి కొన్న కారును కూడా అక్క ఇవ్వనంటే చెప్పకుండా తీసుకుని బయలుదేరుతుంది.

ఈ నవలలో దయ్యం ఎక్కడా కంటికి కనబడదు. రాత్రి తలుపుల మీద దబదబా కొట్టిన చప్పుడు, గోడ మీద రాతలు, ఇంతే. ఆ తలుపు చప్పుడు వినగానే ఎలినార్ నిద్రమత్తులో, అమ్మ పిలుస్తోందనుకుంటుంది. తల్లి గోడ మీద కొట్టి పిలిచేది మరి. చనిపోయిన రాత్రి కూడా పిలిచింది, తాను లేవలేదు. మెలకువ వచ్చి కూడా మళ్ళీ నిద్రపోయానేమో అన్న అనుమానం ఆమెను తినేస్తోంది. గోడ మీది రాతలో ఉన్నది ఆమె పేరే. ఇంటికి రమ్మన్న మాట. లోకంలో ఎవరూ ఆమెను అలా పిలవలేదు. ఆ ఇల్లు పిలిచింది. నాకు భయం వేసింది అక్కడే.

ఇందులో విశ్వాసులు తప్పించుకోలేని సంగతి ఇంకొకటుంది. ఆ ఇల్లు కట్టించిన హ్యూ క్రెయిన్ తన కూతురి కోసం స్వయంగా ఒక భక్తి పుస్తకం తయారుచేస్తాడు. నిండా నరకం బొమ్మలు, బెదిరింపులు. చివర్లో తన రక్తంతో సంతకం. పేరు దేవునిది, పెత్తనం తండ్రిది. సండే స్కూలు చెప్పేవారు ఆ పేజీలు ఒక్కసారైనా చదవాలి. పిల్లలను భయపెట్టి కూర్చోబెట్టడం సులువు. ఆ భయాన్ని భక్తి అనుకోవడం ఇంకా సులువు.

ఇక ముగింపు. ఎలినార్ తనతో ఉన్న థియోడోరాను, మీ ఊరు వచ్చి మీతో ఉంటానని అడుగుతుంది. ఆమె ముఖం మీదే కాదంటుంది. ఎలినార్‌కు మతి చెదురుతుంది. ఒక రాత్రి ఇల్లంతా పరుగులు తీసి, ఊగిపోతున్న ఇనుప మెట్లెక్కుతుంది. తెల్లారాక డాక్టర్, ఈ ఇంటికి దూరమైతే బాగుపడుతుందని, ఆమెను వెళ్ళిపొమ్మంటాడు. నాకు ఇల్లే లేదని ఆమె చెబుతుంది. చెప్పుకున్న అద్దె ఇల్లు కల్పన అనీ, తనకున్నదంతా కారులో ఉన్న పెట్టెలోనే ఉందనీ చెబుతుంది. అయినా ఒంటరిగానే కారెక్కించి పంపుతారు. ఆమె ఆ ఆవరణ దాటకుండానే చెట్టుకు గుద్దేస్తుంది. చివరి క్షణంలో ఆమెకు కలిగేది, తనను ఎవరూ ఎందుకు ఆపడం లేదన్న ప్రశ్నే.

అక్కడ చెడ్డవాళ్ళెవరూ లేరు. డాక్టర్ మంచివాడు, ఆమె క్షేమం కోరే పంపాడు. అందుకే ఈ కథ మనకు తగులుతుంది.

మార్కు సువార్త 5వ అధ్యాయం చూడండి. సమాధుల్లో తిరిగినవాడు బాగుపడ్డాక ప్రభువుతో పడవలో వస్తానని బతిమాలాడు. ప్రభువు కూడా అతణ్ణి ఇంటికే పంపాడు. కానీ అతనికి ఒక ఇల్లుంది, తనవారున్నారు. ఎలినార్‌కు ఎవరున్నారు? మాట ఒకటే, ఇద్దరికీ ఒకే అర్థం లేదు.

మన పల్లెల్లోనూ తల్లిదండ్రుల మంచం పక్కనే వయసు గడిచిపోయిన ఆడబిడ్డలున్నారు. ఆదరణ కూడికలో వాక్యం చెబుతాం, భోజనాలు చేస్తాం, వచ్చేస్తాం. అన్నదమ్ములు ఇంటికి తాళం వేస్తే ఆ బిడ్డ ఎక్కడికి పోతుందో అడిగేవారు తక్కువ. కొన్నాళ్ళకు ఆమె తనలో తాను మాట్లాడుకుంటే మాత్రం ‘దయ్యం’ అంటాం. ప్రార్థన చేసి, ఇంటికి తీసుకెళ్ళండి అంటాం. ప్రార్థన తప్పక చేద్దాం. మనసు జబ్బుకు డాక్టరు దగ్గరికీ తీసుకెళ్దాం. ఆ రెండింటితోపాటు ఇంకోటి అడుగుదాం: ఈ సాయంత్రం ఆమెకు తలుపు తీసేది ఎవరు? జవాబు లేకపోతే తీయవలసింది మనమే.

ఈ నవలలో రక్షణ లేదు, ఆశ లేదు అని కొందరు అంటారు. నిజమే, లేదు. ఆశ చూపించే పని రచయిత్రి మీద వేయడం న్యాయం కాదు. అది సంఘానికి అప్పగించిన పని. ఒంటరివారిని దేవుడు కుటుంబంలో చేర్చుతాడని 68వ కీర్తనలో చదువుకుంటాం కదా. ఆయన చేర్చే కుటుంబం మీదో మాదో అయి ఉండాలి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరు ఒంటరిగా నడిచి వెళ్తున్నారో చూడండి. భోజనానికి పిలవండి. ప్రభువు మీకు తోడై ఉండును గాక.