ఎండ అందరిదీ, మరి కప్పు ఎవరిది?

మార్చి వచ్చిందంటే అమెరికా యూనివర్సిటీలకు వారం రోజుల వసంత సెలవులు. చాలామంది విద్యార్థులు ఇళ్లకో, బీచ్‌లకో పోతారు. కొందరు మాత్రం హెల్మెట్ పెట్టుకుని, సేఫ్టీ బెల్టు కట్టుకుని పేదల ఇళ్ల కప్పులెక్కుతారు. పగలంతా బోల్టులు బిగిస్తారు, ప్యానెళ్లు మోస్తారు, వైర్లు కలుపుతారు. ఈ పని చేయించేది గ్రిడ్ ఆల్టర్నేటివ్స్ అనే స్వచ్ఛంద సంస్థ. 2001లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో ఇద్దరు ఇంజనీర్లు దాన్ని మొదలుపెట్టారు. ‘సోలార్ స్ప్రింగ్ బ్రేక్’ పేరుతో విద్యార్థులను తక్కువ ఆదాయం ఉన్న బస్తీలకు, ఆదివాసీ తెగల ప్రాంతాలకు తీసుకెళ్తుంది.

మంచి పనే, వంక పెట్టాల్సింది లేదు. కానీ మనలాంటి వాళ్లకు ఒక ప్రశ్న రావాలి. విద్యార్థులు వచ్చేదాకా ఆ ఇంటి మీద ప్యానెల్ ఎందుకు లేదు?

పేదరికం వల్ల అని చటుక్కున చెప్పేస్తాం. అది సగం జవాబే. 2019 జనవరిలో ‘నేచర్ సస్టెయినబిలిటీ’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఒకే స్థాయి ఆదాయం ఉన్న ప్రాంతాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఏ ఒక్క జాతికీ మెజారిటీ లేని ప్రాంతాలతో పోలిస్తే నల్లజాతి మెజారిటీ ప్రాంతాల్లో ఇళ్ల మీద సోలార్ 69 శాతం తక్కువ. హిస్పానిక్ మెజారిటీ ప్రాంతాల్లో 30 శాతం తక్కువ. తెల్లవారి ప్రాంతాల్లో 21 శాతం ఎక్కువ. అద్దె ఇళ్లు ఎక్కువ కాబట్టి ఇలా ఉందేమో అని సొంతిళ్ల లెక్క సరిచేసి చూసినా, నల్లజాతి ప్రాంతాల్లో తేడా 61 శాతం దగ్గరే ఆగింది. హిస్పానిక్ ప్రాంతాల్లో 45 శాతానికి పెరిగింది. జీతం సమానమైనా, ఇల్లు సొంతమైనా జాతి అడ్డు తొలగలేదన్న మాట. కులాన్ని పేదరికంలో కలిపేసి మాట్లాడేవాళ్లకు ఈ లెక్క చూపించాలి.

నవాహో ఆదివాసీల కథ ఇంకా సూటిగా ఉంటుంది. అరిజోనాలో వాళ్ల నేల మీదే 2,250 మెగావాట్ల బొగ్గు కరెంటు కేంద్రం దశాబ్దాల పాటు నడిచింది. బొగ్గు నవాహో, హోపీ భూముల నుంచే తవ్వారు. ఆ కరెంటు నగరాలకు పోయింది. ఫీనిక్స్, టూసాన్ వైపు నీళ్లు ఎత్తిపోసే పంపులను నడిపింది. 2019 నవంబరులో ఆ కేంద్రం మూతపడింది. అప్పటికీ దాదాపు 15 వేల నవాహో ఇళ్లకు కరెంటు లేదని అంచనా. పొగ వాళ్లకు, వెలుగు ఊరవతలి వాళ్లకు.

ఇంత పెద్ద అన్యాయాన్ని సెలవుల్లో వచ్చే విద్యార్థులు సరిచేయగలరా? 2022 నాటి చట్టం కింద అమెరికా ప్రభుత్వం ‘సోలార్ ఫర్ ఆల్’ అని 700 కోట్ల డాలర్లు కేటాయించింది. 9 లక్షలకు పైగా పేద కుటుంబాలకు సోలార్ అందించడం లక్ష్యం. 2024లో 60 సంస్థలను, ప్రభుత్వాలను ఎంపిక చేశారు. అందులో గ్రిడ్ ఆల్టర్నేటివ్స్ కూడా ఉంది. 2025 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం ఈ పథకాన్నే రద్దు చేసింది. వ్యవహారం కోర్టులకెక్కింది. ఎంతమంది వలంటీర్లు వచ్చినా 700 కోట్ల డాలర్ల లోటు పూడదు. సేవ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. పథకం కూడా ఆగిపోవచ్చు, కానీ అప్పుడు అడగడానికి ఒక చట్టం, ఒక కోర్టు ఉంటాయి. తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఆంధ్ర సరిహద్దును ఆనుకుని కర్ణాటకలో పావగడ సోలార్ పార్కు ఉంది. 13 వేల ఎకరాలు, 2,050 మెగావాట్లు. భూములు కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు. భూమి ఉన్నవాళ్ల ఖాతాలో కౌలు పడింది. ఆ పొలాల్లో కూలి చేసుకునే భూమిలేని దళితులకు పని పోయింది, కౌలు మాత్రం రాలేదు. భూమి ఎవరిదైతే ఎండ కూడా వాళ్లదే అయింది.

ఇళ్ల కప్పుల సంగతీ ఇంతే. 2024 ఫిబ్రవరిలో కేంద్రం కోటి ఇళ్ల లక్ష్యంతో, 75,021 కోట్లతో పీఎం సూర్యఘర్ మొదలుపెట్టింది. 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ. మిగతా డబ్బు మనమే పెట్టుకోవాలి, లేదంటే అప్పు తేవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెడతామని ప్రకటించింది. స్వాగతించాల్సిన మాటే. కానీ 2 కిలోవాట్లకు నీడ పడని కప్పు దాదాపు 200 చదరపు అడుగులు కావాలి. రేకుల ఇల్లు, పెంకుటిల్లు, ఒకే గది మీద నీళ్ల ట్యాంకు ఉన్న కాలనీ ఇల్లు ఏం కావాలి? మీటరు చనిపోయిన తాత పేరు మీద ఉంటే? స్థలానికి పట్టానే లేకపోతే?

ఇంకో లెక్క. 2 కిలోవాట్ల ప్యానెళ్లు నెలకు సుమారు 240 యూనిట్లు ఇస్తాయి. అక్కడ ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇప్పటికే ఉంది. మరి ప్యానెల్ వచ్చాక ఆ హామీ అలాగే ఉంటుందా? మిగులు కరెంటు డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? ఇన్వర్టరు పాడైతే ఎవరు బాగుచేస్తారు? వాడలో ఎవరైనా ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు అడిగారా?

మన విద్యార్థుల పని ఇక్కడే మొదలవుతుంది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు బ్యానరు కట్టి, రెండు ప్యానెళ్లు బిగించి, ఫొటో దిగి వెళ్లిపోతే వాడకు పెద్దగా ఒరిగేది లేదు. అదే విద్యార్థులు ఒక ఎస్సీ కాలనీలో ఇంటింటికీ తిరిగి ఎవరి కప్పు పనికొస్తుంది, ఎవరి మీటరు ఎవరి పేరు మీద ఉంది, ఎవరికి పట్టా లేదు అని రాసుకోవచ్చు. ఆ జాబితాతో విద్యుత్ శాఖ కార్యాలయానికి, కలెక్టరు గ్రీవెన్స్‌కు జనంతో కలిసి వెళ్లొచ్చు. కప్పు పనికిరాని ఇళ్లకు కమ్యూనిటీ హాలు మీదో, కాలనీ ఖాళీ స్థలంలోనో ఉమ్మడి ప్యానెళ్లు పెట్టి వాటా ఇవ్వాలని అడగొచ్చు. ఎస్సీ, ఎస్టీ ఉప ప్రణాళికకు ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టం ఉంది, తెలంగాణలో 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. నిధులు ఎటు పోతున్నాయో అడిగే హక్కు కూడా ఉంది.

గ్రిడ్ ఆల్టర్నేటివ్స్ నుంచి తీసుకోవాల్సిన పాఠం కూడా ఒకటుంది. అది వలంటీర్లతో పాటు స్థానికులకు పని నేర్పుతుంది, ఆ పనితో ఉద్యోగానికి దారి చూపుతుంది. మన దగ్గరా 2015 నుంచి ‘సూర్యమిత్ర’ శిక్షణ ఉంది. వాడలో ఐటీఐ చదివి ఖాళీగా ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ శిక్షణలో ఎంతమంది? వాడ కప్పు మీద ప్యానెల్ బిగించే కాంట్రాక్టులో వాళ్లకు కూలి మాత్రమేనా, వాటా కూడానా?

వచ్చే సెలవుల్లో మీ బృందం ఏదైనా వాడకు వెళ్లాలనుకుంటే ముందు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లండి. స్పానర్ తర్వాత తీసుకెళ్లొచ్చు.