కుక్కర్ గ్యాస్కెట్ మార్చిన చేతులే

"సార్ లేరా మేడమ్?" టీవీ చూడ్డానికొచ్చిన మెకానిక్ మొదటి ప్రశ్న ఇది. బోర్డు పోయింది, మొత్తం మార్చాలన్నాడు. అదీ నాతో కాదు, ఫోన్లో మా ఆయనతో.

అతను వెళ్ళాక వెనక మూత విప్పాను. పవర్ సప్లై బోర్డు మీద రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. 1000 మైక్రోఫారడ్లు, 25 వోల్టులు. కొన్ని రూపాయల సరుకు. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్‌లో కరెంటు నిలవుంటుంది. అది ఖాళీ అయ్యాకే, ప్లస్సూ మైనస్సూ సరిచూసుకుని కొత్తవి సోల్డరింగ్ చేశాను. (నా డాక్టరేటు సాహిత్యంలో లెండి.) టీవీ వెలిగింది.

"అదృష్టం" అన్నారు ఇంట్లోవాళ్ళు.

పదేళ్ళుగా కుక్కర్‌కి గ్యాస్కెట్టూ సేఫ్టీ వాల్వూ మారుస్తున్నాను. అది మాత్రం పేలే వస్తువు కాదా? దాన్నెవరూ రిపేరనలేదే! వంటింట్లో చేస్తే అలవాటు, హాల్లో చేస్తే అదృష్టం. మరి మా తెలివిని తెలివనేది ఏ గదిలో?

ఉబ్బిన కెపాసిటర్లు రెండూ దాచాను. ఆ మెకానిక్ మళ్ళీ వస్తే బోర్డెలా పోయిందో సార్‌కి కాదు, నాకు చెప్పాలి.