దొర ఇంట ఎర్రజెండా

కొండగట్టు అంజన్నను, వేములవాడ రాజన్నను ఒకే రోజు దర్శించుకుని వచ్చే భక్తులకు ఈ పల్లెలు పరిచయమే. ఒకప్పుడు ఇక్కడ గడీ ముందు నుంచి నడవాలంటే చెప్పులు చేతబట్టుకోవాల్సిందే. దొర మాటే చట్టం. అలాంటి రోజుల్లో, 1923లో, వేములవాడ దగ్గరి మారుపాకలో ఓ భూస్వామి ఇంట పుట్టారు చెన్నమనేని రాజేశ్వరరావు.

కాలు కదపకుండా బతికే ఇల్లు. ఆయన మాత్రం విద్యార్థి ఉద్యమంలోకి నడిచారు. కమ్యూనిస్టయ్యారు. నిజాం పాలన మీద పోరుకు దిగారు. కలిగిన ఇల్లు వదిలి అదే దారి పట్టిన వాళ్లు జిల్లాలో ఇంకా ఉన్నారు. గాలిపెల్లి బద్దం ఎల్లారెడ్డి, పోలంపల్లి అనభేరి ప్రభాకరరావు అలాంటివారే. అనభేరి 1948 మార్చిలో మహమ్మదాపురం గుట్టల్లో నిజాం బలగాల తూటాలకు నేలకొరిగారు.

ప్రాణాలతో మిగిలిన రాజేశ్వరరావు ఎన్నికల బాట పట్టారు. 1957లో చొప్పదండి నుంచి అసెంబ్లీకి వెళ్లారు. తర్వాత సిరిసిల్ల. ఇక్కడి ఓటరు తీరే వేరు! 1967లో గెలిపించాడు. 1978లో, 1985లో, 1994లో మళ్లీ మళ్లీ పిలిచాడు. కానీ వరుసగా రెండుసార్లు మాత్రం ఏనాడూ సీటు ఇవ్వలేదు. సాంచెల కార్మికులు, బీడీలు చుట్టే ఆడబిడ్డలున్న ఊరది. ఎవరికీ శాశ్వతంగా పట్టా రాసివ్వలేదు.

1978 ఆయనకు సులువైన ఏడాది కాదు. ఆ సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. వెట్టిచాకిరి మీద, దొరతనం మీద రైతుకూలీలు కదిలారు. ఆ తర్వాత సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరలు గడీలు వదిలి పట్నం బాట పట్టారు. అప్పుడు సిరిసిల్ల ఎమ్మెల్యే పుట్టుకతో భూస్వామి బిడ్డ, జెండాతో కమ్యూనిస్టు!

ఆ ఇంట్లో జెండాలు ఒకటి కాదు. తమ్ముడు విద్యాసాగరరావు బీజేపీ. మెట్‌పల్లి ఎమ్మెల్యేగా, కేంద్రమంత్రిగా, మహారాష్ట్ర గవర్నరుగా పనిచేశారు. రాజేశ్వరరావు కూడా చివరికి రంగు మార్చారు. 2004లో, ఎనభై ఏళ్ల వయసులో, తెలుగుదేశం అభ్యర్థిగా సిరిసిల్లలో గెలిచారు. అయిదేళ్లకు కొడుకు రమేశ్ వేములవాడ ఎమ్మెల్యే అయ్యారు.

2016 మే 9న రాజేశ్వరరావు కన్నుమూశారు. దొరతనాన్ని కాదన్న ఇంట్లోనే పదవులన్నీ ఎందుకు తిరిగాయన్న ప్రశ్న మిగిలే ఉంది. అయితే గడీలో పుట్టినా ఓటు కోసం సాంచెల కార్మికుడి గడప తొక్కక తప్పని కాలం ఒకటి వచ్చింది. ఆ కాలం రావడానికి పోరాడిన వాళ్లలో ఆయనా ఒకరు.