స్పాన్సర్‌షిప్‌కు ఐదు, తెలుగుకు ఐదు



పోయిన పేరెంట్స్ మీటింగులో ఏడో తరగతి బాబు వాళ్ల నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు తెరవకముందే ఒక మాట అడిగారు. "మేడం, మావోనికి ఆ తెలుగు ఎట్లన్న తీసేయరాదుండ్రి? ఆ టైంల కోడింగ్ నేర్పిస్తే పనికొస్తది. అమెరికా వీసాలు కష్టమైనయ్ గని ఆస్ట్రేలియాల స్టేట్ గవర్నమెంటే స్పాన్సర్ చేస్తదంట గద."

తెలంగాణలో 2018 నాటి చట్టం ప్రకారం ఏ బోర్డు స్కూల్లోనైనా పదో తరగతి వరకు తెలుగు చెప్పాల్సిందేనని, మా చేతుల్లో ఏమీ లేదని చెప్పి పంపించాను. ఆయన ఒప్పుకున్నారు గానీ నాకే తృప్తిగా లేదు. చట్టం పేరు చెప్పి తప్పించుకున్నట్టయింది. ఆయన అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఆ వీసా రూల్సులోనే ఉంది.

ఈ ప్రశ్న ఆయనొక్కరిదే కాదు. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల ఫీజు పెట్టాక, జనగామలో కూడా ఆస్ట్రేలియా, కెనడా పేర్లు ఎక్కువగా వినిపిస్తున్నాయి. కెనడాలో ఒక ప్రావిన్స్ నామినేట్ చేస్తే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఏకంగా 600 పాయింట్లు కలుస్తాయి. ఆస్ట్రేలియా పద్ధతి నాకు ఇంకొంచెం దగ్గరగా తెలుసు. మా పెద్దమ్మ కొడుకు ఆ దారిలోనే అడిలైడ్ వెళ్లాడు.

ముందు ఒక అపోహ. స్పాన్సర్ అనగానే మనకు టికెట్టు, ఉద్యోగం, జీతం అన్నీ ఆ ప్రభుత్వమే చూసుకుంటుందనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. దాన్ని నామినేషన్ అనాలి. కేంద్ర ప్రభుత్వం ప్రతి రాష్ట్రానికి ఏడాదికి ఇన్ని అని సీట్లు ఇస్తుంది. తమకు ఎవరు అవసరమో చూసుకుని రాష్ట్రం పేర్లు ఎంచుతుంది. ఫీజులు, ఉద్యోగం వెతుక్కోవడం అన్నీ మన బాధ్యతే. అయినా ఆ పిలుపు విలువైనదే. 2024-25లో ఎవరి నామినేషనూ అక్కర్లేని 189 వీసాకు 16,900 స్థానాలు పెడితే, రాష్ట్రాలు నామినేట్ చేసే 190కి 33,000, ప్రాంతీయ వీసాలకు మరో 33,000 పెట్టారు.

190 వస్తే నేరుగా శాశ్వత నివాసం. 491 మాత్రం ఐదేళ్ల తాత్కాలిక వీసా. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ కాకుండా మిగతా చోట్ల ఉండాలి. మూడేళ్లయ్యాక పన్ను లెక్కలు చూపి శాశ్వత నివాసానికి అడగవచ్చు. అడిలైడ్, పెర్త్ కూడా ఈ 'మిగతా చోట్ల' కిందికే వస్తాయి. అంటే అక్కడ ప్రాంతీయం అన్న మాటకు మన జనగామను ఊహించుకోకండి.

ఇక పాయింట్లు. కనీసం 65 ఉండాలి. కానీ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్యూలో 65తో నిలబడితే పిలుపు వస్తుందని ఆశ పెట్టుకోలేం. వయసు 25 నుంచి 32 మధ్య ఉంటే 30, డిగ్రీకి 15. విదేశీ అనుభవం ఎనిమిదేళ్లు దాటితేనే 15. అందులోనూ ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ మన అనుభవంలో సాధారణంగా రెండేళ్లో నాలుగేళ్లో కోసేసి లెక్కిస్తుంది. ఇంగ్లిష్‌లో ఐఈఎల్‌టీఎస్ నాలుగు విభాగాల్లోనూ 7 వస్తే 10 పాయింట్లు, 8 వస్తే 20. ఇంగ్లిష్ టీచర్‌గా ఈ లైను చూసి నాకు సంతోషమే. (ఆ జాబితాల్లో హైస్కూల్ టీచర్లు కూడా ఉన్నారు. ఈ సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

190 కింద రాష్ట్రం నామినేట్ చేస్తే కలిసేవి ఐదు పాయింట్లు. 491 అయితే పదిహేను. మరో ఐదు పాయింట్లు ఇచ్చే పరీక్ష ఒకటుంది. పేరు నాటీ సీసీఎల్. ఇంగ్లిష్‌కూ మరో భాషకూ మధ్య మాటల్ని అటూఇటూ చేరవేయాలి. ఆ భాషల్లో తెలుగు ఉంది. ఒక రాష్ట్ర ప్రభుత్వం మనల్ని ఎంచుకుంటే ఎంత బలమో, మన అమ్మమాట గట్టిగా వస్తే అంతే బలం. ఆ నాన్నగారికి నేను చెప్పాల్సింది ఇది.

పరీక్ష సులువేమీ కాదు. రెండు సంభాషణలుంటాయి. డాక్టరు, పేషెంటు. లేదా బ్యాంకు మేనేజరు, ఖాతాదారు. అద్దె ఇల్లు, కోర్టు, ఇన్సూరెన్స్, స్కూలు అడ్మిషన్, ఏదైనా రావచ్చు. ఒక్కొక్కటి 45 మార్కులు. మొత్తం 90కి 63 రావాలి, రెంటిలోనూ కనీసం 29 చొప్పున ఉండాలి.

మా అన్నయ్య ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం హాస్టల్. కోడింగులో దిట్ట. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ "స్టేట్ స్పాన్సర్‌షిప్ గ్యారంటీ" అని అడ్వాన్సు కూడా తీసుకుంది. రాష్ట్రాల జాబితాలు మారుతూ ఉంటాయి, అలాంటి గ్యారంటీ ఇవ్వడం ఎవరి వల్లా కాదని తర్వాత తెలిసింది. సీసీఎల్ మొదటిసారి రాసి తప్పాడు. ఫెయిలైంది ఇంగ్లిష్ వైపు కాదు. ఇంగ్లిష్ మాట వింటే అర్థమవుతోంది, తెలుగులో నోరు పెగలడం లేదు.

రెండోసారికి నన్ను ప్రాక్టీస్ చేయించమన్నాడు. పెద్దమ్మ వాళ్లింట్లో కూర్చుని నేను బ్యాంకు మేనేజరునయ్యాను. "మార్ట్‌గేజ్" దగ్గర ఆగిపోయాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. వంటింట్లోంచి పెద్దమ్మ "తాకట్టు అనరాదురా" అంది. ఆమె చదివింది ఐదో తరగతి. ఆ మాట ఆమెకు నిఘంటువు చూసి తెలియలేదు. అన్నయ్య బీటెక్ ఫీజుకు పుస్తెలతాడు పెట్టిన నాడు తెలిసింది. ఆ తర్వాత నెల రోజులు ఆమే టీచర్. వాయిదా, పూచీకత్తు, నష్టపరిహారం, కళ్లు తిరగడం, ఆయాసం. ఒక్కో మాట ఆమె చెబుతుంటే పాతికేళ్లు దాటిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆ నెలంతా నా మనసులో ఇంకోటి తిరిగింది. క్లాసులో "స్పీక్ ఇన్ ఇంగ్లిష్" అని రోజుకు ఇరవై సార్లు అనేది నేనే. అది ఇప్పుడూ తప్పనుకోను. ఇంగ్లిష్ మాట్లాడితేనే వస్తుంది, మీరు ఫీజు కడుతున్నదీ అందుకే. కానీ పిల్లలు ఇంటికి వెళ్లాక కూడా అదే రూలు పెడుతున్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. "నానమ్మతో కూడా ఇంగ్లిష్‌లనే మాట్లాడు" అన్న తల్లిని నేను చూశాను. నానమ్మకు ఇంగ్లిష్ రాదు. ఇక ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు?

ఒక మాట ఒప్పుకోవాలి. ఈరోజు ఏడో తరగతి బాబు 28కి వచ్చేసరికి ఈ పాయింట్లు ఇలాగే ఉంటాయని ఎవరూ చెప్పలేరు. 491 వీసాయే 2019 నవంబర్‌లో వచ్చింది. కాబట్టి వీసా కోసమే తెలుగు నేర్పమని నేననను. వీసా కోసం తెలుగు తీసేయమన్నప్పుడు మాత్రం ఆ లెక్క తప్పని చెబుతున్నాను. మన రాష్ట్ర కార్మిక శాఖ కింది టామ్‌కామ్ కూడా నర్సులను జర్మనీ, జపాన్ పంపే ముందు జర్మన్, జపనీస్ నేర్పిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016 జనాభా లెక్కల్లో దాదాపు 34 వేలు, 2021లో 59 వేల పైచిలుకు. వాళ్లలో ఒక పెద్దాయన ఆసుపత్రికి వెళ్తే పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి. ఐదు పాయింట్లు పెట్టింది అందుకే.

పాలకుర్తి, బమ్మెర మన జిల్లాలోనే ఉన్నాయి. సోమనాథుడు, పోతన పుట్టిన నేల అని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం స్పీచులో పిల్లలు చెబుతారు. ఆ స్పీచులు చాలావరకు ఇంగ్లిష్ లిపిలో రాసుకుని చదువుతారని మీకు తెలుసా? నేను దిద్దుతాను కాబట్టి నాకు తెలుసు.

వచ్చే నెల నుంచి ఏడు, ఎనిమిది తరగతులకు శనివారం చివరి పీరియడ్‌లో ఒక ఆట పెడుతున్నాం, తెలుగు సార్, నేను కలిసి. ఒకరు డాక్టరు, ఇంగ్లిష్ మాత్రమే వచ్చు. ఒకరు తాత, తెలుగు మాత్రమే వచ్చు. మధ్యలో ఒక విద్యార్థి. దానికి నిజమైన కాగితాలు కావాలి. మీ ఇంట్లో ఉన్న ఇన్సూరెన్స్ బాండు, బ్యాంకు లోన్ లెటరు, మందుల చీటీ, ఏదైనా ఒకటి పిల్లలతో పంపండి. పేర్లు, నంబర్లు కొట్టేసిన జిరాక్స్ చాలు.