పొట్ట చెప్పే మాట

పిల్లలూ! సంక్రాంతి వస్తున్నది. కొందరి ఇళ్ళలో అరిసెలకు బియ్యం నానవేస్తారు. కొందరి ఇళ్ళలో వామూ, నువ్వులూ కలిపిన పిండితో సకినాలు చుడతారు. కనుమనాడు గారెలు వుండనే వున్నవి. ఇన్ని వంటల నడుమ ప్రతి యేడూ ఎక్కడో ఒక పిల్లవాడు కడుపు పట్టుకుని చాప మీద పడి వుంటాడు.

నా ఎనిమిదో యేట ఆ పిల్లవాణ్ణి నేనే! పండుగనాడు కడుపునిండా భోజనం చేసిన తరువాత, మా బావ పందెం వేశాడని ఏడు అరిసెలు తిన్నాను. పందెం గెలిచాను. ఆ రాత్రంతా వాంతులు. మర్నాడు కనుమ. ఎడ్లకు కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తూంటే పిల్లలందరూ వెంట పరుగెత్తారు. నేను జావ తాగి, ఆ గంటల చప్పుడు వింటూ పడుకున్నాను. మా తాతయ్య నా తల నిమిరి, "పందెం గెలిచావురా, పండుగ ఓడిపోయావు," అన్నాడు.

అసలు పొట్టలో ఏం జరుగుతుంది? ఒక డాక్టరు ఆ సంగతి కళ్ళారా చూశాడు. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ దెబ్బ తగిలింది. విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడు అతనికి చికిత్స చేశాడు. మనిషి బతికాడు కాని, పొట్టకు పడిన కన్నం పూడలేదు. డాక్టరు ఆహారపు ముక్కలకు పట్టుదారం కట్టి ఆ కన్నంలోనుంచి లోపలికి వదిలేవాడు. కొంతసేపటికి పైకి లాగి, ఎంత అరిగిందో చూసేవాడు. పాపం, అలెక్సిస్‌కు ఈ పరీక్షలు బాధగానే వుండేవి. అయినా మనకు జీర్ణశక్తిని గురించి ఎంతో తెలిసింది అతని మూలానే.

1833లో బోమాంట్ ఈ సంగతులన్నీ పుస్తకంగా అచ్చు వేయించాడు. పొట్టలో ఊరే రసానికి ఒక హద్దు వున్నదనీ, ఆ హద్దు దాటి తిన్నది సరిగా అరగక మిగిలిపోతుందనీ అతను గ్రహించాడు.

మన పొట్ట సాగే సంచీ వంటిది. ఖాళీగా వున్నప్పుడు ఇంచుమించు పిడికిలంత వుంటుంది. పెద్దవాళ్ళకు కడుపునిండా తిన్నప్పుడు లీటరు, లీటరున్నర దాకా పడుతుంది. మీ పొట్ట అంతకన్న చిన్నది. దాని అడుగున ఒక చిన్న ద్వారం వున్నది. అరిగిన ఆహారం అందులోనుంచి కొంచెం కొంచెంగా పేగులోకి పోతుంది. నెయ్యీ, నూనే ఎక్కువైతే ఆ ద్వారం మరింత నెమ్మదిగా పని చేస్తుంది. అందుకే నేతి వంటలు తిన్నాక చాలాసేపు కడుపు బరువుగా వుంటుంది.

మరొక చిత్రం వినండి. పొట్ట నిండిందన్న కబురు మెదడుకు పూర్తిగా చేరటానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. గబగబా తినేవాడు ఆ కబురు అందేలోపల మరి మూడు అరిసెలు మింగేస్తాడు!

కనుక ఈ పండుగకు ఒక పని చెయ్యండి. ఒక అరిసె తీసుకుని బాగా నమిలి తినండి. తరువాత వెళ్ళి గాలిపటం ఎగరేసుకోండి, ముగ్గులు చూసి రండి. తిరిగి వచ్చాక ఆకలిగా వుంటే ఇంకొకటి తినండి. కోరిక నోటిదా, కడుపుదా అన్నది మీకే తెలిసిపోతుంది. తొందరేమీ లేదు. తడి తగలకుండా డబ్బాలో పెడితే అరిసెలు పండుగ వెళ్ళాక కూడా చాలా రోజులు నిలవ వుంటాయి.

పెద్దలకు కూడా ఒక మనవి. "ఇంకొక్కటి వెయ్యనా?" అని అడగటం ప్రేమే. కాని పిల్లవాడు "చాలు" అన్నప్పుడు, ఆ మాట వాడి పొట్ట చెప్పిన మాట. దాన్ని కొట్టివేస్తే, వాడు రేపు ఆ మాట వినటమే మానేస్తాడు. అలాగే, పిల్లలూ, ఇంట్లో మధుమేహం వున్న తాతయ్యలూ, అమ్మమ్మలూ వుంటే, "మా కోసం తినండి" అని వాళ్ళను బలవంతం చెయ్యకండి. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి. అదే వాళ్ళకు తీపి.

ఈ యేడు మీలో ఒక్కరు కూడా కనుమనాటి గంటలు పడుకుని వినకూడదు. అందరూ వెంట పరుగెత్తాలి!

వచ్చే నెల: తుమ్ము ఎందుకు వస్తుంది?