మోషేకు మామగారి సలహా

యిత్రో అరణ్యంలో అల్లుణ్ణి చూడడానికి ఒంటరిగా రాలేదు. మోషే అంతకుముందు పంపివేసిన భార్య సిప్పోరాను, కుమారులు గెర్షోము, ఎలీయెజెరులను వెంటబెట్టుకొని వచ్చాడు (నిర్గమ 18:1-6). మోషే మామగారికి నమస్కరించి, గుడారంలోకి తీసుకెళ్లి, దేవుని కార్యాలన్నీ వివరించాడు. భార్యాబిడ్డలను ఏమని పలకరించాడో ఆ అధ్యాయంలో లేదు. మరునాడు మాత్రం ఉదయం నుండి సాయంత్రం దాకా ప్రజల తగవులు తీరుస్తూ కూర్చున్నాడు.

అది చెడ్డ పనేమీ కాదు, దేవుడు అప్పగించిన పనే. అయినా యిత్రో మెచ్చుకోలేదు. ఇలాగే సాగితే అల్లుడూ నలిగిపోతాడు, జనమూ నలిగిపోతారని ఆయన భయం. పని మానెయ్యమనలేదు, ఇంకాస్త ప్రార్థన చేసుకోమనీ అనలేదు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి దైవభయం గల, లంచానికి లొంగని అధికారులను నియమించి, కష్టమైన వ్యాజ్యాలు మాత్రమే తన దగ్గరకు రానిమ్మన్నాడు. దేవుడు సెలవిస్తేనే సుమా అని కూడా అన్నాడు. మోషే విన్నాడు. తర్వాత యిత్రో తన దేశానికి వెళ్లిపోయాడు. సిప్పోరా వెళ్లినట్టు మాత్రం అక్కడ రాయలేదు.

ప్రమోషన్ కోసం, వీసా కోసం మన సంఘాల్లో ఉపవాస ప్రార్థనలు చేస్తాం. వస్తే సాక్ష్యం, కృతజ్ఞతార్పణ. ‘ఇప్పుడు ఇంటికి ఎన్ని గంటలకు వస్తున్నావు బాబూ?’ అని అడిగే యిత్రో మాత్రం కనబడడు. అమెరికా పగటి కోసం హైదరాబాద్‌లో తన రాత్రిని ఇచ్చేస్తున్న సాఫ్ట్‌వేర్ యువకుడు లక్ష్యాలు రాసుకుంటాడు: మూడేళ్లలో మేనేజర్, ఐదేళ్లలో ఫ్లాటు. తప్పు లేదు. గోపురం కట్టేవాడు ముందే ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే బోధించాడు (లూకా 14:28). నా అభ్యంతరమల్లా ఆ లెక్కలో ఫ్లాటు వాయిదా ఉంటుంది గాని, పిల్లలతో కూర్చునే భోజనం వేళ ఉండదనే. 127వ కీర్తన చదవండి. వేకువనే లేచి, పొద్దుపోయేదాకా కష్టపడేవాడి ప్రస్తావన వెంటనే పిల్లల ప్రస్తావన వస్తుంది. అది కాకతాళీయమని నేననుకోను.

కాపరులమైన మేమూ నిర్దోషులం కాము. అలసి వచ్చినవాణ్ణి బుధవారం ప్రార్థనకు, శుక్రవారం ఉపవాస కూటానికి, శనివారం కమిటీకి రమ్మంటాం. రాకపోతే భక్తి చల్లారిందంటాం. మా ఇళ్ల సంగతి మా పిల్లల్ని అడగండి, చెబుతారు!

ఈ వారం ఆ లక్ష్యాల కాగితం మళ్లీ తీయండి. జీతం, హోదా పక్కన రెండు వరుసలు కలపండి: వారంలో ఏయే రాత్రులు ఇంట్లో భోంచేస్తాను? నా పనిలో దేన్ని ఎవరికి అప్పగిస్తాను? భార్యాభర్తలు కలిసి కూర్చుని రాయండి. ఆ రాత్రుల్లో ఒకటి శనివారమైతే కమిటీకి రాలేనని మీ కాపరికి మొహమాటం లేకుండా చెప్పండి. ఆ కమిటీని ఆదివారం ఆరాధన తర్వాత అరగంటలో ముగించుకోవచ్చు.