ప్రకటించని యుద్ధం – మన కర్తవ్యం

యుద్ధమనగానే మనకు సరిహద్దు, సైనికుడు, ఫిరంగి జ్ఞప్తికి వస్తాయి. మన ప్రాచీనులు మాత్రం యుద్ధాన్ని అంత పరిమితంగా చూడలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మూడు విధాల యుద్ధాన్ని పేర్కొన్నాడు. బహిరంగంగా సాగేది ప్రకాశయుద్ధం. ఏమరుపాటున, మోసంతో దెబ్బ తీసేది కూటయుద్ధం. గూఢచారుల ద్వారా చడీచప్పుడు లేకుండా నడిపేది తూష్ణీంయుద్ధం. ఈ మూడవ విధం నేడు కంప్యూటరు తెరల మీదుగా విద్యుత్ కేంద్రాల వరకు వచ్చినది. దానిని ఒక దేశం ఎట్లా ఎదుర్కొంటుందో ఈ నెల శీర్షికలో పరిశీలిద్దాము.

ఉక్రెయిన్ అనుభవాన్ని చూడండి. 2014లో క్రిమియాను రష్యా తనలో కలుపుకొన్నది. తూర్పు ప్రాంతంలో పోరు మొదలైనది. పశ్చిమాన ఉన్న ఇవానో ఫ్రాంకివ్స్క్ ప్రాంతం మాత్రం ఆ పోరుకు చాలా దూరం. 2015 డిసెంబరు 23 మధ్యాహ్నం అక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ కంట్రోల్ రూములో, ఆపరేటరు చూస్తుండగానే తెరపై బాణం గుర్తు తనంత తానే కదిలినది. ఒక్కొక్క బ్రేకరును ఆపుకుంటూ పోయినది. ఆపరేటరు అడ్డుపడబోగా కంప్యూటరు అతనిని బయటకు పంపివేసినది. మరల ప్రవేశించబోతే పాస్‌వర్డు మారిపోయి ఉన్నది.

ఆ రోజు మూడు పంపిణీ సంస్థలకు చెందిన సుమారు 30 సబ్‌స్టేషన్లు ఆగిపోయి, దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయినది. ఫిర్యాదులు అందకుండా ఫోన్ లైన్లను బూటకపు కాల్స్‌తో నింపివేసినారు. సబ్‌స్టేషన్లకు ఆదేశాలు చేరవేసే పరికరాలలోని ప్రోగ్రామును పాడుచేసినారు. కంట్రోల్ రూములకు అండగా ఉండే యు.పి.ఎస్.ను సైతం ఆపినారు. ఇదంతా ఒక్కనాటి పని కాదు. కొన్ని నెలల ముందు ఉద్యోగులకు వచ్చిన ఈ-మెయిలుకు జతచేసిన ఒక పత్రాన్ని ఎవరో తెరచినారు. అది కోరిన అనుమతిని ఒక మీట నొక్కి ఇచ్చినారు. శత్రువు లోనికి వచ్చినది ఆ దారినే.

అయినప్పటికీ 1 నుండి 6 గంటలలో కరెంటు తిరిగి వచ్చినది. సిబ్బంది వాహనాలలో సబ్‌స్టేషన్లకు వెళ్లి, బ్రేకర్లను చేతితో మూసినారు. కంప్యూటరు పాడైనా చేయి పని మరువలేదు. తరువాత కూడ కొన్ని నెలల పాటు పలుచోట్ల ఆ విధంగానే నడిపినారు.

నేరస్థుల మాట ఏమైనది? ఈ దాడితో సహా పలు దాడులకు సంబంధించి ఆరుగురు రష్యన్ సైనిక గూఢచార అధికారులపై అమెరికా న్యాయశాఖ అభియోగాలు ప్రకటించినది 2020 అక్టోబరులో. రష్యా వాటిని త్రోసిపుచ్చినది. ఈ యుద్ధరీతిలోని మర్మమే ఇది. కొట్టినవాడెవడో నిర్ధారించే లోపల సంవత్సరాలు గడచిపోతాయి. కనుక ప్రతీకార భయం ఒక్కటే ఇక్కడ రక్షణ కాజాలదు. కొట్టినా ఫలితం లేదని శత్రువుకు తెలిసివచ్చేట్లు త్వరగా లేచి నిలబడడమే అసలైన రక్షణ.

ఉక్రెయిన్ ప్రభుత్వం ఈ నీతిని దేశస్థాయిలో కూడ పాటించినది. తన గ్రిడ్‌ను రష్యా గ్రిడ్ నుండి విడదీసి ఐరోపా ఖండ గ్రిడ్‌తో కలిపేందుకు 2017లోనే ఒప్పందం చేసుకొన్నది. 2022 ఫిబ్రవరి 24న పరీక్ష నిమిత్తం గ్రిడ్‌ను విడదీసినది. కొద్ది గంటలలోనే బహిరంగ యుద్ధం మొదలైనది. మార్చి 16 నాటికి ఐరోపా గ్రిడ్‌తో అనుసంధానం పూర్తి అయినది. సంవత్సరాల సన్నాహమే లేకుంటే మూడు వారాలలో అది సాధ్యమయ్యేది కాదు.

మన దేశానికీ ఈ అనుభవం కొత్తది కాదు. 2019లో కూడంకుళం అణువిద్యుత్ కేంద్రపు నెట్‌వర్కులో హానికర ప్రోగ్రాము కనిపించినది. సోకినది పరిపాలనా పనులకు వాడే, ఇంటర్నెట్‌తో సంబంధమున్న కంప్యూటరుకనీ, కేంద్రాన్ని నడిపే వ్యవస్థ వేరుగా ఉన్నందున దానికి హాని కలుగలేదనీ ఆ సంస్థ ప్రకటించినది. ఇట్టి ఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించినది. ఆదేశం మంచిదే. అయితే పొరపాటు ఒప్పుకొన్నవానికి వెంటనే మెమో అందే కార్యాలయంలో ఆరు గంటలలో కాదు, ఆరు నెలలకైనా ఎవరూ నోరు విప్పరు. ఈ మాట అధికారులమైన మేము మొదట గ్రహించాలి.

ఇక మా అనుభవం ఒకటి దాచకుండా చెప్పవలసి ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కేంద్రంలో మాక్ డ్రిల్ నిర్వహించినాము. కంట్రోల్ రూము పనిచేయుట లేదనుకొని బ్రేకరును యార్డులో చేతితో నడపాలి. యువ ఇంజనీరు చురుకైనవాడు, తెర మీద అంతా తెలిసినవాడు. కాని బ్రేకరు స్ప్రింగును చార్జి చేసే హ్యాండిల్ ఎక్కడున్నదో అతనికి తెలియదు. వెదకగా వెదకగా అది తాళం వేసిన బీరువాలో ఉన్నదని తేలినది. తాళంచెవి షిఫ్టు దిగి ఇంటికి వెళ్లినవారి జేబులో ఉన్నది. అంతలో, పదవీ విరమణకు రెండు నెలలున్న ఫోర్‌మన్ గారు స్టోరు మూల నుండి పాత హ్యాండిల్ ఒకటి తెచ్చి పని పూర్తిచేసినారు. అప్పటికి నలభై నిమిషాలు గడచినవి. హ్యాండిల్ యథాస్థానంలో ఉన్నదని చెక్‌లిస్టు మీద ప్రతి నెలా సంతకం చేసినది మరెవరో కాదు, మేమే.

ఆ ఫోర్‌మన్ గారు ఇప్పుడు లేరు. వారి వంటివారు ప్రతి సంవత్సరం పూలదండ వేయించుకొని వెళ్లిపోతున్నారు. వారి చేతిలోని విద్య వారితోనే పోకుండా చూడడం కూడ దేశరక్షణ క్రిందికే వస్తుంది. ఆ దినం నుండి మేము హ్యాండిల్‌ను కళ్లతో చూడనిదే సంతకం చేయలేదు. ఏటా రెండుసార్లు యువకుల చేతనే బ్రేకరును చేతితో నడిపించినాము.

కుటుంబ సభ్యులకు కూడ ఒక మనవి. పిల్లల ప్రాజెక్టును ప్రింటు తీయించుటకు పెన్‌డ్రైవును కార్యాలయానికి పంపకండి. “సారు ఏ షిఫ్టులో ఉన్నారమ్మా?” అని ముఖపరిచయం లేనివారు ఫోనులో ఎంత మర్యాదగా అడిగినా చెప్పకండి. ఆ సంగతిని మీవారికి ఆ రోజే తెలియజేయండి.

ఇంతకూ మీ విభాగంలో ఆ హ్యాండిల్ ఎక్కడున్నది? ఈ పుట చదవడం ముగించిన పిమ్మట, రేపటి షిఫ్టులో ఒకసారి స్వయంగా చూచి రండి.